స్పెయిన్ ముదర్రిబ్, నా చివరి మడి

మొన్న శుక్రవారం రియాద్‌లో, మలాజ్ పేటలో సెలూన్‌కు వెళ్లాను. గడ్డానికి నురగ పూయించుకుని, మెడ వెనక్కి వాల్చి, కళ్లు సగం మూసుకుని కూర్చున్నాను. ఎదురుగా అద్దం, అద్దంలో నా వెనక గోడకు వేలాడే టీవీ. ఏ దేశంలోనో, ఏ రెండు టీముల మధ్యో ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. నేను ఆటను పట్టించుకునే మనిషిని కాను, గడ్డిని చూస్తాను. గడ్డి బాగానే ఉంది, అవతలి గోలు దగ్గర మాత్రం కొంచెం పసుపు పట్టింది అనుకుంటున్నాను. అంతలో కెమెరా పక్కకు తిరిగి, గీత అంచున నిలబడ్డ కోచ్‌ను చూపించింది. జుట్టు మొత్తం తెల్లబడింది, పొట్ట కూడా వచ్చింది. ముఖం చూసి నేను గుర్తుపట్టలేదు, దవడ చూసి గుర్తుపట్టాను. ఒకవైపు గింజ వేసుకుని, పళ్లతో చిట్లించి, ఇంకోవైపు నుంచి పొట్టు ఉమ్మడం ఆ దవడకు వచ్చినంత వేగంగా ఈ భూమ్మీద ఇంకో దవడకు రాదు. గబుక్కున తల తిప్పాను. బంగ్లాదేశీ మంగలి కత్తి పైకెత్తి, "మర్‌నా హై క్యా చాచా" అన్నాడు. చావాలని లేదు గానీ, ఆయన్ని అద్దంలో కాకుండా సూటిగా చూడాలనిపించింది. ఈలోగా కెమెరా బంతి వెనక పరిగెత్తింది. మిగతా గడ్డం గీసినంతసేపూ మళ్లీ ఆయన దగ్గరికి రాలేదు.

ఇప్పుడు నేను మలాజ్‌లోనే ఒక నాలుగంతస్తుల బిల్డింగుకు హారిస్‌ని. కాపలా, నీళ్ల ట్యాంకు, లిఫ్టు, అద్దెవాళ్ల పంచాయితీలు, అన్నీ నా నెత్తినే. ఏడెనిమిదేళ్ల కిందట మాత్రం రియాద్ అంచున ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి పని చేసేవాణ్ణి. చిన్నదని ఎందుకంటున్నానంటే, పెద్ద క్లబ్బుల సంగతి రోజూ పేపర్లో వస్తుంది, మాది ఓడినప్పుడు మాత్రమే వచ్చేది. ఆ క్లబ్బుకు ఒక ఏడు స్పెయిన్ నుంచి కోచ్ వచ్చాడు. అరబ్బీలో కోచ్‌ను ముదర్రిబ్ అంటారు, కాబట్టి మా పనివాళ్లందరికీ ఆయన ముదర్రిబ్. ఆటగాళ్లకు, అక్కడి అలవాటు ప్రకారం, కాప్టెన్. ఆయన వెంట స్పెయిన్ నుంచి వచ్చిన అసిస్టెంటుకు మిస్టర్. సొంత పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు, అందుకే ఇప్పుడు రాయడానికీ మనసొప్పడం లేదు. నా పేరు మాత్రం అక్కడ ఎవరికి తెలుసు గనక. ఇకామా అనే గుర్తింపు కార్డు మీద ఉండేది, దాన్ని చదివేది పోలీసులొక్కరే.

మాది జగిత్యాల దిక్కు. మాకు కాలువ ఉండేది, నీళ్లే మా పొలం దాకా వచ్చేవి కావు. కాలువ చివర మా పొలం, ఆ పొలంలోనూ చివరి మడి అంటే దాని గతి అడగక్కర్లేదు. పై రైతులంతా తడుపుకోగా మిగిలింది మాకు, మా ముందు మడులు తాగగా మిగిలింది దానికి. అందుకని మా నాయన ఒక అలవాటు చేశాడు. నీళ్లు దొరికిన రోజు అన్ని మడులకూ సమానంగా ఇవ్వు, చివరి మడికి మాత్రం ఒక పాలు ఎక్కువ ఇవ్వు, మళ్లీ ఎప్పుడొస్తాయో దానికి తెలియదు అనేవాడు. అలా వరికి నీళ్లు కట్టిన చేతులతోనే నేను రియాద్‌లో గడ్డికి నీళ్లు కట్టాను. ఆ మైదానం గడ్డి మరేదో కాదు, మన గరిక జాతే. మా ఊళ్లో దాన్ని పీకి గట్టున పారేస్తాం. ఇక్కడ దానికి ఎరువేసి, మందు కొట్టి, వారానికి మూడుసార్లు మిషన్‌తో క్షౌరం చేస్తారు. గరిక పెంచడానికి నన్ను విమానం ఎక్కించి తెచ్చారని ఫోన్లో చెప్తే మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

మా సూపర్‌వైజర్ పాకిస్తానీ. మంచివాడే, బూట్ల దగ్గర మాత్రం కఠినం. సేఫ్టీ బూట్లు లేకుండా మైదానంలో కాలు పెడితే ఊరుకునేవాడు కాదు. ఆయన లేనప్పుడు నేను విప్పేసేవాణ్ణి. మట్టిలో తడి ఉందో లేదో బూటుకేం తెలుస్తుంది? ఒకరోజు పొద్దున్నే అలా ఉత్త కాళ్లతో తిరుగుతూ కోచ్ కంటపడ్డాను. వెంట మొరాకో ఆయన ఉన్నాడు. మొరాకో ఉత్తరపు కొసన స్పానిష్ మాట్లాడేవాళ్లుంటారట, ఈయన వాళ్లలో ఒకడు. కోచ్ స్పానిష్‌లో అన్నది అరబ్బీలోకి మార్చడమే ఈయన ఉద్యోగం. "బూట్లెందుకు విప్పావని అడుగుతున్నాడు" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో, నీళ్ల సంగతి కాలికి తెలుస్తుంది, బూటుకు తెలియదు అని చెప్పాను. అది విని కోచ్ నన్ను కాసేపు అలాగే చూశాడు. తర్వాత గడ్డిలో చతికిలబడి తన బూట్లు, సాక్సులు విప్పేశాడు. ప్యాంటు మడిస్తే ఎడమ మోకాలి మీద జెర్రిలాంటి కుట్ల మచ్చ బయటపడింది. ఇద్దరం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. మొరాకో ఆయన మాత్రం బూట్లు విప్పలేదు, గీత బయటే మా వెంట వచ్చాడు.

అప్పటి నుంచి ప్రాక్టీసు ఉన్న ప్రతిరోజూ ఇదే తంతు. కోచ్ ఒక చోట ఆగి, పాదంతో నొక్కి, "మోయా?" అనేవాడు. మోయా అంటే నీళ్లు. నేను "శ్వయ్య" అంటే తక్కువగా ఉన్నాయని, "జేన్" అంటే సరిపోయాయని. ఈ మూడు మాటల మీదే మా సంసారం నడిచింది. ఆయనకు గడ్డి పొట్టిగా ఉండాలి, ఆటకు ముందు తడిగా ఉండాలి, బంతి ఎక్కడా ఆగకుండా జారిపోవాలి. ఇంతకుముందున్న కోచ్‌లు గడ్డి పచ్చగా ఉంటే చాలనుకునేవాళ్లు. గడ్డిని తొక్కి చూసి, నన్ను అడిగి, అప్పుడు ప్రాక్టీసు మొదలుపెట్టినవాడు ఈయనొక్కడే.

నాకొక జబ్బుంది. ఒక మనిషి రోజూ కనిపిస్తే, ఆయనది ఏ ఊరు, ముందు ఏం చేసేవాడు, ఇటెందుకొచ్చాడు అనేవి తేలేదాకా అన్నం సయించదు. మా బావ, అంటే మా అక్క భర్త, మా లేబర్ క్యాంపులోనే ఉండి ఏసీ పని చేసేవాడు. ఆయన ఫోన్లో వెతికి నాకు చదివి చెప్పేవాడు. కోచ్‌ది స్పెయిన్‌లో వానలు పడని ఓ మూల ఊరు. ఆడే రోజుల్లో మైదానం మధ్యలో ఆడేవాడట. గోలు కొట్టేవాడు కాదు, కొట్టేవాడికి బంతి అందించేవాడు. ఎక్కువగా రెండో తరగతి టీముల్లో, కొన్నాళ్లు మొదటి తరగతిలో. తర్వాత మోకాలు పోయింది, ఆట ఆగిపోయింది. కొన్నేళ్లు పిల్లలకు నేర్పి, ఆ తర్వాత కోచ్ అయ్యాడు. అక్కడి నుంచి ఒక క్లబ్బు పెట్టుకోవడం, తీసేయడం, ఇంకోటి పెట్టుకోవడం, అదీ తీసేయడం. స్పెయిన్ అయిపోయాక గ్రీసు, గ్రీసు అయిపోయాక మెక్సికో, ఆ తర్వాత ఇక్కడ. ఎక్కడా రెండేళ్లు దాటలేదు. "మన లెక్కనే ఉన్నడు గదా బామ్మర్దీ, రెండేండ్ల అగ్రిమెంటు మనిషి" అన్నాడు బావ. "గాయినను ఏసీ కార్ల తిప్పుతరు, మనతోని ఏసీలు కడిగిపిస్తరు, గంతే తేడా."

నాకు తెలియాల్సింది వేరే. ఆడేవాడు ఆడించేవాడు ఎందుకయ్యాడు? మోకాలు పోతే ఊళ్లో ఏ దుకాణమో పెట్టుకుని కూర్చోవచ్చు. రెండేళ్లకోసారి తరిమేసే ఉద్యోగంలోకి కావాలని వచ్చి పడటం ఎందుకు? మొరాకో ఆయన్ని చాయ్ దగ్గర మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ తన మోకాలు తట్టి చూపించాడు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. చివరికి నా పోరు పడలేక ఒక సంగతి చెప్పాడు. కొత్త టీముకు వెళ్లిన మొదటి రోజే కోచ్ ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో చెప్పమంటాడట. చెప్పినవాణ్ణి నేను పోగొట్టుకోను, దాచినవాణ్ణి మాత్రం క్షమించను అంటాడట. ఏ దేశంలోనైనా మొదటి రోజు మాట ఇదేనట. ఎందుకంటాడు అంటే మళ్లీ మోకాలు తట్టాడు.

ఆ ఏడు టీము బాగా ఆడలేదు. నాకు ఆట తెలియకపోయినా గింజల పొట్టు తెలుసు. ఆట జరిగినంతసేపూ కోచ్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూనే ఉండేవాడు, స్పెయిన్‌లో ఆట దగ్గర అందరూ అంతేనట. ఆయన నిలబడ్డ చోట పొట్టు ఏరడం నా వంతు. గెలిస్తే దోసెడు ఉండేది, ఓడితే చాటెడు. చలికాలం వచ్చేసరికి చాట చాలడం లేదు. వచ్చే ఆట కూడా ఓడితే కోచ్‌ను పంపించేస్తారని ఆఫీసులో చాయ్ పోసే మలయాళీ ఆయన చెప్పాడు. ఆ ముక్క క్లబ్బులో అందరికీ తెలుసు, కోచ్‌కూ తెలుసు. ఆటకు ముందురోజు ప్రాక్టీసు అయ్యాక ఆయన నాతో నడిచాడు. నాలుగు మూలలూ తొక్కి చూసి, నా భుజం మీద చెయ్యేసి, "బుక్రా మోయా జేన్" అన్నాడు. రేపు నీళ్లు సరిగ్గా ఉండాలి అని. తన ఉద్యోగంలో కొంత నా చేతిలో పెట్టాడన్నమాట. అంతటి మాట నాతో ఆ దేశంలో ఎవరూ అనలేదు, మా ఊళ్లోనూ అనలేదు. నేను ఆ రోజంతా రొమ్ము విరుచుకుని తిరిగాను.

ఆట సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక. ఆ పొద్దున దుమ్ము గాలి లేచి, పచ్చటి గడ్డి మీద శనగపిండి జల్లినట్టు చేసి పోయింది. మధ్యాహ్నం గాలి ఆగాక స్ప్రింక్లర్లు తిప్పి కడిగాం. ఆ మైదానంలో పంపుకు అన్నిటికంటే దూరంగా ఒక మూల ఉండేది. స్ప్రింక్లర్ నీళ్లు దాని దాకా సరిగ్గా పడేవి కావు, పైపు పట్టుకుని విడిగా తడపాల్సి వచ్చేది. దాన్ని చూస్తే నాకు మా చివరి మడే గుర్తొచ్చి, పాపం అనిపించేది. సూపర్‌వైజర్ నమాజుకు వెళ్తూ, "పాంచ్ మినట్ పానీ, ఫిర్ బంద్" అన్నాడు. అయిదు నిమిషాలు తడిపి, పాదంతో నొక్కి చూశాను. పైన తడిగా ఉంది, అడుగున ఇంకా గట్టిగానే తగిలింది. వేలు గుచ్చి చూశాను, కింద పొడి. ఒక పాలు ఎక్కువ ఇద్దామనుకున్నాను. పైపు అక్కడే వదిలేసి, ఇటువైపు గీతలు సరిచూడటానికి వచ్చాను. నమాజు అయ్యేదాకా నీళ్లు పారుతూనే ఉన్నాయి.

నా పాదానికి రేగడి తెలుసు, చెల్క తెలుసు, గాలి తెచ్చిపోసిన ఆ మెత్తటి దుమ్ము తెలియదు. అది తడిసి, కింది ఇసుకకు మూత వేసినట్టు పట్టేసి, నీళ్లను దిగనివ్వలేదు. అడుగు పొడిగా ఉన్నది నీళ్లు చాలక కాదు. నేను వెళ్లి పైపు ఆపేసరికి గడ్డి మొదళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. పైకి చూస్తే గడ్డి నున్నగా, ముచ్చటగా ఉంది, దూరం నుంచి ఎవరికీ తెలియదు. అప్పటికైనా ఎవరికన్నా చెప్పుంటే గోనెపట్టలు అద్ది, ఇసుక చల్లి, సగం బాగుచేసేవాళ్లం. ఇంకిపోతుందిలే అనుకున్నాను. నా తప్పులన్నీ ఈ 'లే'తోనే మొదలవుతాయి.

ఆట మొదలైన కాసేపటికి మా టీము కుర్రాడొకడు బంతిని కాపాడుకోవడానికి ఆ మూలకే తీసుకెళ్లాడు. బంతి తనతో పాటు జారుతుందనుకుని పరిగెత్తాడు, బంతి నీళ్లలో ఆగిపోయింది. వెనక్కి తిరగబోయి కాలు జారి పడ్డాడు. అవతలివాడు బంతి లాక్కుని గోలు ముందుకు కొట్టాడు, ఇంకొకడు లోపలికి నెట్టాడు. అంత నీళ్లు చిమ్మడం స్టేడియం మొత్తం చూసింది. కోచ్ పడిపోయిన కుర్రాణ్ణి చూడలేదు, ఆ మూలను చూశాడు. నేను ఆయన కంట పడకుండా గోడ పక్కకు జరిగాను. రెండో సగంలో ఇంకో గోలు పడింది, మా వాళ్లు ఒక్కటీ కొట్టలేదు. ఆట అయ్యాక చాట పట్టుకుని వెళ్తే ఆయన నిలబడ్డ చోట ఒక్క పొట్టు కూడా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని తీసేశారని తెలిసింది. సూపర్‌వైజర్ నన్ను పిలిచి, ఆ మూలలో నీళ్లెలా నిలిచాయని అడిగాడు. ఎవరి తప్పయితే వాళ్లకు ఖురూజ్ అని ఆఫీసు అందట. ఖురూజ్ అంటే ఫైనల్ ఎగ్జిట్, వీసా కొట్టేసి మళ్లీ రాకుండా పంపేయడం. నాకు నెల రోజుల్లో సెలవు ఉంది. నేను ఇటు వచ్చాక పుట్టిన కూతురు నడక నేర్చి, మాటలు నేర్చి, నన్ను బాపు అనాల్సింది పోయి 'ఫోను' అని పిలుస్తోంది. ఎగ్జిట్ కొట్టినా ఇంటికే కదా పంపేది, భయమెందుకని మీరనొచ్చు. వెళ్లడం వేరు, పంపించేయడం వేరు. "పైప్ పురానా హై సాబ్, జాయింట్ సే లీక్ హువా" అన్నాను. ఆయన నన్ను చూశాడు, పైపును చూశాడు, కాగితం మీద పైపు తప్పని రాసుకున్నాడు. సౌదీలో నేను అన్యాయంగా ఇరికించింది ఆ ఒక్క పైపునే.

బావతో చెప్పుకున్నాను. "నోరు మూస్కోని ఉండు. గాయినకు ఇంకో టీము దొర్కుతది, నీకు ఇంకో వీసా దొర్కుతదా?" అన్నాడు.

"గది కాదు బావా. నన్ను నమ్మిండు గాయిన."

"నమ్మిండు, మంచిదే. నువ్వు జెప్తే మళ్ల కొలువులకు తీస్కుంటరా?"

తీసుకోరు. చెప్పడం వల్ల ఆయనకు పైసా లాభం లేదు, నాకు మాత్రం నిండా నష్టం. అంత తెలిసీ ముద్ద దిగడం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చెప్పాలన్నా మొరాకో ఆయన ద్వారానే చెప్పాలి, ఆయన ఆఫీసు మనిషి. కోచ్ చెవిలో పడే మాట ముందు ఆఫీసు చెవిలో పడుతుంది.

ఎగ్జిట్ కాగితాలు అంతటి కోచ్‌కైనా ఉట్టినే రావు, ఆరు రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున సామాను తీసుకోవడానికి ఆయన మొరాకో ఆయనతో వచ్చాడు. నేను గడ్డి మిషన్ ఆపేశాను. ఆయన గీత దగ్గర కూర్చుని బూట్లు విప్పి, సూటిగా ఆ మూలకు నడిచి, అక్కడ నిలబడ్డాడు. నేనూ బూట్లు విప్పి వెళ్లాను. ఆయన దగ్గరికి చేరేదాకా కూడా చెప్పకూడదనే అనుకున్నాను. సలాం చేసి, చేయి కలిపి వచ్చేద్దామనే వెళ్లాను. ఆయన పాదంతో నేలను నొక్కి, రోజూ అడిగినట్టే, "మోయా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని ఉంది, అంతే. "మోయా, అనా" అన్నాను. "పైపు మాఫీ ఖరాబ్. మోయా కసీర్. అనా, అనా." పైపు పాడవలేదు, నీళ్లు ఎక్కువ పెట్టింది నేనే అని. నలభై దాటిన మగవాణ్ణి, తల ఎత్తలేక, ఆయన పాదాలు చూస్తూ ఏడ్చాను.

తర్వాత భయంభయంగా మొరాకో ఆయన వైపు చూశాను. ఆయన కార్నర్ జెండాను సరిచేస్తున్నాడు. "స్పానిష్‌ను అరబ్బీ చేయడం నా ఉద్యోగం" అన్నాడు నా వైపు తిరక్కుండానే. "నువ్విప్పుడు మాట్లాడింది అరబ్బీ కానే కాదు. నాకొక్క ముక్క అర్థం కాలేదు."

కోచ్‌కు అర్థమైంది. గడ్డిలో కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు. తన మోకాలి మచ్చ మీద చెయ్యేసి స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు, మొరాకో ఆయన ఒక్కో ముక్కా నాకు అందించాడు. ఆట చివరి రోజుల్లో కోచ్‌కు మోకాలు నొప్పి మొదలైందట. చెప్తే టీములోంచి తీసేస్తారు, అగ్రిమెంటు తిరగరాయరు. అప్పటి తన కోచ్, ఒక పెద్దాయన, ముఖ్యమైన ఆట ముందు ఈయన్ని పక్కకు పిలిచి మోకాలు ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాడు ఈయన. ఆ మాట నమ్మి పెద్దాయన ఆడించాడు. ఆట చివర్లో ఒక బంతిని ఈయన అందుకోలేకపోయాడు, గోలు పడింది, టీము కింది తరగతికి దిగిపోయింది. పెద్దాయన ఉద్యోగం పోయింది, మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఊళ్లో పెంకులు, సిమెంటు అమ్ముకుని బతికాడట. ఆ పెద్దాయన వదిలిన పని ఎవరో ఒకరు చేయాలి కదా అని ఈయన కోచ్ అయ్యాడు. నేను మూడుసార్లు అడిగిన దానికి జవాబు ఇదన్నమాట.

ఆయనతో నిజం చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదట. చివరికొక రోజు ఆ దుకాణానికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాడు. అప్పటికి పెద్దాయనకు జ్ఞాపకం పోయింది, ఎదుట ఎవరున్నారో తెలియదు. మర్యాదగా అంతా విని, "ఆ కోచ్ ఎవరో గానీ, పాపం" అన్నాడట.

కోచ్ లేచి, బట్టలకంటిన గడ్డి దులుపుకుని, మొదటి గోలు నీళ్లలో పడింది, రెండోది పొడి నేల మీద పడింది, ఆ రెండోది నాది, నీది కాదు అన్నాడు. ఇది లోపల దాచుకుని ఎన్ని రోజులైంది అని వేళ్లతో అడిగాడు. నేను ఆరు వేళ్లు చూపించాను. ఆయన రెండు చేతులూ చాపి, పది వేళ్లూ చూపించి, పైన ఇంకొక వేలు చూపించి, "సెనా" అన్నాడు. సెనా అంటే ఏడాది. పెద్దాయనతో నిజం చెప్పడానికి తనకు పదకొండేళ్లు పట్టిందని. ఆ మధ్యాహ్నమే ఆయన విమానం. ఆఫీసు నన్ను ఏమీ అడగలేదు, నెల తర్వాత నేను సెలవు మీద ఇంటికి వెళ్లాను. అప్పటి నుంచీ కంటినిండా నిద్రపోతున్నాను. మనసులో బరువు లేకుండా గడిచిన ఈ ఏడెనిమిదేళ్లు నా సొంతం అనుకోను, ఆయన పోగొట్టుకున్న పదకొండేళ్లలోంచి నాకు మిగిల్చి వెళ్లినవే.